శాంతి తాంబూలం

సాంబారు బకెట్టు మోసి మోసి నంజమ్మ చేతులు లాగేస్తున్నాయి. కెలమంగలం దగ్గర శ్రీరంగప్ప తోటలో శాంతి సభ. పొద్దున్నుంచి కళ్లు మూసుకుని మంచి తలపులు తలిచిన పెద్దమనుషులు ఇప్పుడు కళ్లు తెరిచి పాయసం అడుగుతున్నారు. వడ్డించే ఆడకూలీలకు ఈ రోజు కూలి లేదు. ఇది సేవ అట, సేవకు కూలి అడిగితే పాపమట. ఎంగిలాకులు ఎత్తే పుణ్యం మాత్రం వాళ్లకే వదిలేశారు.

ఆమె మొగుడు మునియప్ప చెయ్యి విరిగి ఇంట్లో పడి ఉన్నాడు. పోయిన వారం ఈ సభకు శుభమని శ్రీరంగప్ప పట్టుపురుగుల షెడ్డులో ధూపం వేయించాడు. పురుగుకు పొగ పడదని ఆ పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. షెడ్డు చూసుకునే మునియప్ప వద్దన్నాడు.

"దేవుని పొగ ఏమీ చెయ్యదు లేప్పా," అన్నాడు శ్రీరంగప్ప.

మర్నాటికి పురుగులు ఆకు ముట్టలేదు. అన్నీ చచ్చాయి. శ్రీరంగప్ప కొడుకు మోహన్‌కుమార్ తండ్రిని ఒక్క మాట అనలేదు, మునియప్పను కర్రతో బాదాడు. మునియప్ప తమ్ముడు గోకుల్ కొడవలి పట్టుకుని బయల్దేరితే నంజమ్మ వాకిలికి అడ్డం పడి ఆపింది. తెల్లారి స్టేషన్‌కు పోయి కేసు పెట్టింది. అహింస గురించి ఆమెకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

మైకులో ఆమె పేరు పిలిస్తే నంజమ్మ బకెట్టు దించి మెట్లెక్కింది. వేదిక మీద మోహన్‌కుమార్ తాంబూలం పళ్లెం పట్టుకుని నవ్వుతున్నాడు. అక్కడ తాంబూలం అందుకుంటే తగాదా తీరినట్టే. ఇక కేసు మాట ఎత్తకూడదు.

"తీసుకో నంజమ్మా. మనసులో కోపం పెట్టుకుంటే అదీ హింసేనమ్మా," అన్నాడు శ్రీరంగప్ప, పూలదండ సర్దుకుంటూ.

జనం చప్పట్లు కొట్టారు. చూడ్డానికే రోత.

"కోపమేం లేదప్పా," అంది నంజమ్మ మైకు ముందు నిలబడి. "పొగ ఏయించింది మీరు. కొట్టింది మీ కొడుకు. ఆ మాట ఈడనే, ఇంతమంది ముందర మీ ఇద్దరూ చెప్పండి. తాంబూలం సంగతి ఆమీద చూస్తాము."

మోహన్‌కుమార్ పళ్లు కొరికాడు. "రేపట్నించి నీకు పని యాడ దొరుకుతాదో చూస్తాను."

మైకు ఆ మాటను తోటంతా వినిపించింది. శ్రీరంగప్ప కంగారుగా చేతులెత్తి, "అందరూ కళ్లు మూసుకోండప్పా, ధ్యానం, ధ్యానం," అన్నాడు. ముందు వరసల్లో చాలామంది మూసుకున్నారు.

నంజమ్మ పళ్లెం ముట్టకుండా మెట్లు దిగింది. వడ్డించే ఆడవాళ్లు బకెట్లు కింద పెట్టి, కళ్లు తెరుచుకుని ఆమెనే చూస్తున్నారు.