దశమ భాగం

అత్తని ఓ పక్కకి ఒత్తిగిలబెట్టి డైపర్ మారుస్తుంటే ఫోను మోగింది. షార్జా నుంచి మా ఆయన, డేవిడ్ రాజు. మోచేత్తో నొక్కి స్పీకర్లో పెట్టాను. అమ్మ ఎలాగుంది, విరేచనం అయిందా, జావ తాగిందా అని అన్నీ అడిగాడు. నా సంగతి అడగలేదు. పక్షవాతం వచ్చింది ఆవిడకి కదా. ఆయన అడగాల్సినవన్నీ అయ్యాక వీసా ఏమైందని నేను అడిగాను.

"ఇంకా ఎనిమిదొందలు తక్కువే లీలా. నాలుగు వేల దిర్హాములుంటేగాని ఫ్యామిలీ వీసా ఇవ్వరు. నాకొచ్చేది మూడు వేల రెండొందలు. నానేటి సెయ్యను సెప్పు?"

కిందటేడూ ఎనిమిదొందలే తక్కువ. అంతకు ముందేడూ అంతే. ఈలోగా ఆయన వెల్డరు నుంచి ఇన్స్‌పెక్టరయ్యాడు, గది మారాడు, ఫోను మార్చాడు. ఆ ఎనిమిదొందలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. మా పుట్టిల్లు పద్మనాభం ఊళ్ళో, వరి పండించే ఇల్లు. ఏటేటా ఒకే లెక్క చెప్పే కౌలురైతుని మా నాన్న నమ్మేవాడు కాదు. పైగా నేను బీకాం చదివినదాన్ని. జీతం కాగితం పంపమంటే కంపెనీ ఇవ్వదంటాడు, నన్ను అనుమానిస్తన్నావా అని నవ్వుతాడు. అనుమానించాను. వీడియోలో ఆయన మొహం కన్నా వెనకున్న దండెం మీదే నా చూపంతా. ఓ చీరో, జాకెట్టో కనబడకపోతుందా అని. లుంగీలూ, ఓ హెల్మెట్టూ తప్ప ఏమీ కనబడేవి కావు.

ఆడపడుచు కేథరిన్ కంచరపాలెం నుంచి నెలకోసారి బత్తాయిలు పట్టుకొస్తుంది. "నువ్వు గాబట్టి సేత్తన్నావు వదినా, మావల్ల కాదు" అని మెచ్చుకుని ఐదింటి బస్సుకి వెళ్ళిపోతుంది.

ఆ శనివారం చర్చి కోశాధికారి జాన్‌బాబు గారు కబురంపారు. ఆయన భార్య మిరియం గారికి చెయ్యి విరిగిందట, ఆడిట్‌కి దశమ భాగాల పుస్తకం తిరగరాయాలి. "నీ దస్తూరి బాగుంటాది, కూసింత రాసిపెట్టమ్మా" అన్నారు. దేవుడి పని కాబట్టి కూలి ఉండదు. మా మల్కాపురం చర్చిలో అందరూ జీతంలో పదోవంతు కడతారు. పై దేశాల్లో ఉన్నవాళ్ళు నేరుగా చర్చి ఖాతాకే పంపుతారు.

నాలుగో పేజీలో కనబడింది. డేవిడ్ రాజు, షార్జా, పదకొండు వేల ఐదొందలు. ఏప్రిల్లో అంతే, మేలో అంతే, పన్నెండు నెలలూ అంతే.

పెన్ను పక్కన పెట్టాను. పదింతలు చేస్తే లక్షా పదిహేను వేలు. దిర్హామ్ ఇరవై మూడు రూపాయల లెక్కన ఐదు వేలు. వీసాకి కావలసింది నాలుగే.

దేవుడి దగ్గర ఒక్క రూపాయి దాచలేదు మనిషి. దేవుడికి భయపడ్డాడు. నాకు భయపడే పని లేదనుకున్నాడు.

నాకెందుకు దాచాడో మాత్రం ఇంటికొచ్చి అత్తకి జావ పడుతుంటే తెలిసింది. ఆర్నెల్ల కిందట ఓ ఆయాని పెడదామంటే ఆయన అన్న మాట గుర్తొచ్చింది. "ఏజెన్సీ వోల్లు నెలకి పద్దెనిమిది వేలు అడుగుతన్నారు. నువ్వుండగా ఆయా ఎందుకే?" అప్పుడది ముద్దుగా అన్నాడనుకున్నాను. షార్జాలో దండెం మీద ఆడదాని కోసం వెతికాను గాని, ఈ ఇంట్లో ఆయా ఎవరో చూసుకోలేదు. అత్త మూతి తుడిచాను. బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ మీద నాకేం కోపం లేదు.

ఫోన్లో అడిగితే అది జీతం కాదు అలవెన్సంటాడు, ఇంకో లెక్క చెబుతాడు. అందుకని అడగలేదు.

ఆదివారం మా ఆరాధన ఫోన్లో లైవ్ వస్తుంది. ఆయన తప్పకుండా చూస్తాడు, దేవుడు చేసిన మేలు లేచి చెప్పే ప్రతి సాక్ష్యానికీ కింద ఆమెన్ అని పెడతాడు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ సాక్ష్యం చెప్పలేదు. ఆవేళ లేచి మైకు అందుకున్నాను. స్టాండు మీదున్న కెమెరా వైపే చూశాను.

"మా ఆయన జీతం ఐదు వేల దిర్హాములు చేసినందుకు దేవునికి స్తోత్రం. ఫ్యామిలీ వీసాకి సరిపోగా ఇంకా మిగులుతుంది. ఆయన నమ్మకంగా కట్టిన దశమ భాగమే సాక్ష్యం. ఈ వారమే కాగితాలు పెడుతున్నాం. మా అత్తయ్యకి మంచి ఆయా దొరకాలని, ఆ ఆయాకి నెలనెలా జీతమిచ్చే మనసు మా ఆయనకి కలగాలని అందరూ ప్రార్థన చెయ్యండి."

జాన్‌బాబు గారు, నాకా పుస్తకం ఇచ్చింది తనే గనక, తల దించుకున్నారు. చర్చంతా ఆమెన్ అంది.

రెండో చేతిలోని నా ఫోన్లో లైవ్ కింద ఒక్కొక్క ఆమెనే వచ్చి చేరుతోంది. ఆయనది ఇంకా రాలేదు. మైకు ఇచ్చెయ్యకుండా అలాగే నిలబడ్డాను.