గోడవైపు తిప్పిన అద్దం

నేను ఒక నిలువుటద్దాన్ని. రాజమండ్రిలో ఒక బట్టల కొట్టులో ఉన్నప్పుడు నిజం చెప్పడమే నా ఉద్యోగం. అది చూసి సంతోషించినవాళ్లు తక్కువ. చొక్కాను తిట్టేవారు, నన్ను తిట్టేవారు, తమ పొట్టను మాత్రం పల్లెత్తు మాట అనేవారు కాదు. ఆ కొట్టు ఎత్తేశాక వెంకటరత్నం మాస్టారు నన్ను తన ఇంగ్లీషు కోచింగ్ సెంటరుకు తెచ్చుకున్నారు. అద్దం ముందు నిలబడి మాట్లాడితే భాష దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం.

భాష సంగతేమో గానీ భయం మాత్రం వచ్చేది, అందులోనూ భూతకాలం దగ్గర. "నిన్న తిన్న ఇడ్లీకి ఇన్ని భూతకాలాలేంటండీ బాబూ!" అని టైర్ల కొట్టు అబ్బులు గోల పెట్టేవాడు.

నర్సు సుగుణ గోల పెట్టేది కాదు, చెమటలు కక్కేది. ఆమె పనిచేసిన ఆసుపత్రి మూతపడింది. కొత్త ఆసుపత్రిలో ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే. పాత ఆసుపత్రి వార్డులోకి వరద వచ్చిన రోజు పసిబిడ్డలను మేడమీదికి ఎలా చేర్చిందో అక్కడ చెప్పాలని ఆమె ఆశ. "వాటర్ కేమ్..." అని మొదలుపెట్టేది. నాలో తన ముఖం చూసుకుని ఆగిపోయేది.

"హ్యాడ్ కమ్ అనాలా మాస్టారూ? హ్యాజ్ కమ్ అనాలా?"

"అయిపోయిన సంగతా, ఇంకా సాగుతోందా, అది చూసుకోమ్మా."

మళ్లీ మొదటికి. రోజూ నీళ్లు వార్డులోకి వచ్చేవి, బిడ్డలు మాత్రం మేడ ఎక్కేవారు కాదు.

ఇంటర్వ్యూ ముందురోజు అబ్బులు ఇక ఉండబట్టలేక లేచి నన్ను గోడవైపు తిప్పేశాడు. "అక్కా, నాకేసి చూసి చెప్పు. ఇంతకీ ఆ పిల్లలేమయ్యారు?"

నాకు ఒళ్లు మండింది. అద్దానికి అంతకంటే అవమానం ఉంటుందా? నా ఎదుట వెల్ల వేసిన గోడ, ఒక బల్లి. వెనక సుగుణ ఇంగ్లీషులో చెబుతూనే ఉంది. భూతకాలాలన్నీ కలగాపులగం చేసింది గానీ ఆగలేదు. చివరి బిడ్డను తువ్వాలులో చుట్టి పైమెట్టు మీదున్న ఆయా చేతికి అందించేదాకా చెప్పింది. మాస్టారు ఒక్క తప్పూ దిద్దలేదు. ఆయన ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినిపించింది.

మర్నాడు సాయంత్రం, నేనింకా గోడవైపే ఉండగా, ఆమె ఇంటర్వ్యూ నుంచి నేరుగా సెంటరుకే వచ్చింది.

"భూతకాలం తప్పలేదు కదమ్మా?" మాస్టారి గొంతులో ఆదుర్దా.

"తప్పిందండి, చాలా చోట్ల. వాళ్లు ఆ పిల్లల గురించే అడిగారండి. సోమవారం వచ్చి చేరిపొమ్మన్నారు."

అబ్బులు ఈల వేశాడు. అందరూ ఒక్కసారే మాట్లాడసాగారు. ఇన్నేళ్లలో ఎన్నో ముఖాలు నా ముందుకు వచ్చాయి. ఫలానా ముఖం చూడాలని నాకై నేను ఏనాడూ కోరుకోలేదు. ఆ క్షణాన మాత్రం సుగుణ ముఖం చూడాలనిపించింది. ఆ సంబరంలో నన్ను ఇటు తిప్పడం అందరూ మరిచిపోయారు. ఈసారి నాకు కోపం రాలేదు.