బోరు రాజు చెప్పులు

మా చిన్నాన్న కొడుకు వెంకటకృష్ణ ఘనా దేశంలో రాజయ్యాడు. అకాన్ జనం ఉండే ఒక ఊళ్లో పన్నెండు బోర్లు వేస్తే పన్నెండింటా నీళ్లు పడ్డాయట. ఊరికి మేలు చేసిన పరాయివాడికి గౌరవంగా రాజరికం ఇవ్వడం వాళ్ల ఆచారమట. రంగురంగుల నేతబట్ట చుట్టి, గొడుగు పట్టి, చెక్కపీట మీద కూర్చోబెట్టారు.

ఆ దేశం పోయే బోరు బండి మీదికి కంపెనీవాళ్లు మొదట నన్నే రమ్మన్నారు. వాడికి రాడ్లు ఎక్కించడం నేర్పింది నేను. భాష తెలియని దేశానికి నేను పోనని వాణ్ణి పంపిందీ నేనే. నేనింకా పెద్దారవీడు చుట్టూ ఎనిమిది వందల అడుగులు దించి దుమ్ము లేపుతున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వాడు మా ఇంటికి వచ్చాడు.

"బాగుండావా కొండయ్యన్నా," అంటూ గడప బయట చెప్పులు విడిచాడు. నల్లతోలు, పైన బంగారు రంగు బిళ్లలు.

నా భార్య నాగవేణి వాడి ఫోన్లో ఫోటోలు చూస్తూ వదలడం లేదు.

"మీ అన్న గూడ ముప్పై ఏండ్ల నుంచి బోర్లేస్తన్నాడు. ఒక్కరు కుర్చీ ఏసిన పాపాన పోలా," అంది.

"పీటకు కట్టుబాట్లు శానా ఉండాయి వదినా," వాడు నవ్వాడు. "రాజు ఉత్త కాలు నేలకు తగలగూడదు. ఊరోళ్లు రాజును వద్దనుకుంటే ఆయన చెప్పులు లాగేస్తారు. అంతే, దిగిపోయినట్టే."

చెయ్యి కడుక్కునే వంకతో లేచి, ఆ చెప్పులు నీళ్ల డ్రమ్ము వెనక పడేశాను. కడుపు చల్లబడింది.

పోయేటప్పుడు వాడు గడపలో నిలబడి వెతికాడు. వాకిట్లో బండలు కాలిపోతున్నాయి.

"కుక్క ఎత్తకపోయినట్టుంది," అన్నాను. "కారు దాకా నడువు. ఇక్కడ నువ్వేం రాజువు కాదుగా."

"పోనీలే అన్నా. ఇది నీకని తెచ్చినా," అని సంచిలోంచి ఫోటో పటం తీసి ఇచ్చాడు. పీట మీద వాడే. కింద ఇంగ్లీషు అక్షరాలు. నేను ఐదుతో బడి మానినవాణ్ణి. నాగవేణి కూడబలుక్కుని చదివింది.

"నానా కొండయ్య. ఇందులో నీ పేరుందేంది?"

"నానా అంటే రాజుగారని," వాడు చెప్పాడు. "పీట ఎక్కేటప్పుడు ఒక పెద్దాయన పేరు పెట్టుకోవాల. పని నేర్పినోడని అన్న పేరే చెప్పినా. అక్కడ నన్నంతా కొండయ్యనే అంటారు."

గొడుగు పోయింది, పీట పోయింది. పేరు కూడా నాదే పట్టుకుపోయాడు.

వాడు బండ మీద కాలు పెట్టబోయాడు.

"ఆగు," అన్నాను. డ్రమ్ము వెనక నుంచి చెప్పులు తెచ్చి వాడి ముందు వేశాను.

"కుక్క అన్నావు గదా," అంది నాగవేణి.

"తొడుక్కోరా," అన్నాను వాడితో. "నా పేరు పెట్టుకొని ఉత్త కాళ్లతో నడవమాక."