ఆగి ఉన్న ఇంజిన్లు

రవాణా కంపెనీలో పొగ లెక్కలు చూసే జిపార్ తయారుచేసిన జాబితాలో డ్రైవరు తొక్తోసున్ లారీది మొదటి స్థానం. సంతోషించాల్సిన జాబితా కాదది. కిర్గిజ్‌స్తాన్‌లో బిష్కెక్ నుంచి ఓష్ వెళ్ళే దారిలో తిరిగే అరవై లారీల్లో ఏది ఎక్కువ పొగ వదులుతోందో, ఇంజిన్లకు బిగించిన యంత్రాలు పంపిన అంకెలను బట్టి కట్టిన వరుస. మొదటి అయిదింటినీ కొండదారి నుంచి తప్పించాలని పైవాళ్ళు తీర్మానించారు. లారీ పోయిన డ్రైవరుకు గిడ్డంగి గేటు దగ్గర కాపలాకు కుర్చీ వేస్తారట. ముప్పై అయిదేళ్ళు కొండలెక్కి దిగిన మనిషిని కుర్చీలో కూలేయడమంటే ఏమిటో పైవాళ్ళకేం తెలుసు, వాళ్ళు మొదట్నుంచీ కుర్చీల్లోనే ఉన్నారు.

జిపార్‌కు తెలుసు. అందుకే సంతకం పెట్టేముందు ఆయన్ని పిలిపించింది.

"బాబాయ్, డిసెంబరులో తో-అషూ కనుమ దగ్గర మీ బండి పద్నాలుగు గంటలు కదల్లేదు. ఇంజిన్ మాత్రం ఆగలేదు. ఎందుకని?"

"మంచు జారిపడి దారి మూసేశారు కదమ్మా."

"దారి అందరికీ మూశారు. మిగతావాళ్ళు ఇంజిన్లు ఆపుకున్నారుగా."

"వాళ్ళు కుర్రాళ్ళు, ఓర్చుకుంటారు. నావి అరిగిపోయిన మోకాళ్ళు."

"మోకాళ్ళ కోసం పద్నాలుగు గంటలు డీజిల్ కాల్చారా? అదే రాసుకోమంటారా? బండి పోతుంది బాబాయ్, ఆట కాదు."

తొక్తోసున్ టోపీ సర్దుకున్నాడు. "రాసుకో తల్లీ. ముసలాడి మోకాళ్ళకి ఎంత పొగ కావాలో నీ యంత్రానికి బాగా తెలుసు" అని నవ్వేసి వెళ్ళిపోయాడు.

జిపార్‌కు ఒళ్ళు మండింది. మునిగిపోతున్నవాడికి చెయ్యందిస్తే పట్టుకోడేం ఈ మనిషి? ఆ విసురుతోనే లారీలు నిలిపే ఆవరణలోకి నడిచింది. అక్కడ ఎసెన్ అనే డ్రైవరు మంచులో జారకుండా చక్రానికి గొలుసులు చుడుతున్నాడు. ఆ డిసెంబరు రోజు అతనూ కనుమ దగ్గరే చిక్కుకున్నాడు.

"మైనస్ ఇరవై అయిదులో ఇంజిన్ ఆపేసి ఎలా బతికావయ్యా?"

"తొక్తోసున్ అన్న క్యాబిన్లో కూర్చున్నాం అక్కా, ఆయన కాక ఏడుగురం. కాళ్ళెవరివో చేతులెవరివో తెలీలేదు. దారి మూస్తే అందర్లోకీ పెద్దాయన బండి ఇంజిన్ ఒక్కటే నడుస్తుంది, మిగతావి ఆపేస్తాం. ఎప్పట్నుంచో అంతే."

"మరి ఆయన ఆ మాట చెప్పడేం?"

ఎసెన్ ఆమెను వింతగా చూశాడు. "ఆశ్రయం ఇచ్చినోడు నోటితో చెప్పుకుంటాడా? పుణ్యం పోదూ? నువ్వేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డావా అక్కా? పుచ్చుకున్నోణ్ణి అడగాలి. అడిగావు, చెప్పాను."

జిపార్ మళ్ళీ అంకెల ముందు కూర్చుంది. ఆ రోజు, అదే చోట, ఏడు ఇంజిన్లు పద్నాలుగేసి గంటలు ఆగి ఉన్నాయి. తొంభై ఎనిమిది గంటల పొగ అసలు పుట్టనే లేదు. నడిచిన ఇంజిన్లనే లెక్కపెట్టింది కానీ ఆగిన వాటివైపు ఆమె కన్నెత్తి చూడలేదు. పొగ తగ్గించడమే తన ఉద్యోగం. దాన్ని తగ్గిస్తున్న మనిషినే ముద్దాయిలా నిలబెట్టింది.

మర్నాడు డ్రైవర్లందరికీ కాగితాలు పంచింది. 'ఈ చలికాలం దారి మూసినప్పుడు మీరు ఎవరి బండిలో కూర్చున్నారు?' అని ఒక్కటే ప్రశ్న. మీ బండిలో ఎవరు కూర్చున్నారని అడిగి ఉంటే అరవై తెల్లకాగితాలు తిరిగొచ్చేవి. ఇలా అడిగేసరికి అందరికీ చేతులు దురద పెట్టాయి. పెద్దాయన పెట్టిన ఎండు పెరుగు ఉండలు, పోసిన టీ, ఆయన గురక, అన్నీ రాశారు. ఇరవై ఆరు కాగితాల్లో తొక్తోసున్ పేరే ఉంది.

దారి మూసినప్పుడు ఆయన ఇంజిన్ నడిచిన గంటల్ని అందులో తలదాచుకున్న బండ్లన్నిటికీ పంచి మళ్ళీ లెక్క కడితే ఆ లారీ నలభై రెండో స్థానానికి దిగింది. పైవాళ్ళు కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. ఆరో స్థానంలో ఉన్న లారీ అయిదోదయి వేటు కిందికి వచ్చింది. ఆ డ్రైవరుతోనూ మాట్లాడనిదే సంతకం పెట్టకూడదనుకుంది జిపార్.

తొక్తోసున్ కాగితం అందరికంటే ఆలస్యంగా వచ్చింది. బండి తన దగ్గరే ఉంటుందని తెలిశాక కూడా ఆయన ఆఫీసులోకి రాలేదు, ఎసెన్ చేత పంపాడు. 'ఈ చలికాలం' అన్న మాటల్ని కొట్టేసి, రెండువైపులా నింపాడు. పదహారు పేర్లు, ఏ ఏడాది, ఎవరి బండి. పదకొండు పేర్ల పక్కన 'ఇప్పుడు లేడు' అని ఉంది.

జిపార్ మొదటి పేరు దగ్గర ఆగింది.

'1989. బెక్తెమిర్ అన్న బండి. నాకు ఇరవై రెండేళ్ళు. గడ్డకట్టిన నా పాదాలు తన చొక్కాలోపల పొట్టకు ఆనించుకుని తెల్లారేదాకా కూర్చున్నాడు. ఇప్పుడు లేడు. ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు.'