పొయ్యి పక్కన పెట్టె

మూసీ పొంగి నాగోలు దారి మునిగిన ఏడది. వరద తగ్గి ఉక్కపోత పట్టుకున్నాక నాచారంలోని పంపుల ఫ్యాక్టరీ ఆఫీసుకు ఏసీ వచ్చింది. చల్లదనం ఎంత కావాలో దానికి చెప్పేందుకు థర్మోస్టాట్ అని అరచేతంత పెట్టె. హాల్లో పెడితే గుమాస్తాలు తలోచెయ్యీ వేసి తిప్పుతారని, మేనేజరు సత్యనారాయణమూర్తిగారు దాన్ని చెక్క తెర వెనక, బసవరాజు టీ కాచే మూలలో బిగింపించారు.

"ఒక్కడు ముట్టుకున్నా నీ ఉద్యోగం ఊడుతుంది" అన్నారు.

ఆ పూటతో బసవరాజు దశ తిరిగింది. నిన్నటిదాకా "ఒరేయ్ బసవా" అన్న హెడ్‌క్లర్కు గంగాధరరావు కూడా తెర దగ్గర నిలబడి "అన్నా, జర సలి తగ్గియ్యరాదు" అని బతిమాలేవాడు. బసవరాజు గర్భగుడిలో దేవుడిలా ఉలకడు, పలకడు. ఇంటికెళ్లి భార్యకు మాత్రం చెప్పుకున్నాడు: "గంగాధర్ సారే నన్ను అన్న అంటున్నడే!"

హాలు మంచుకొండ అయింది. టైపిస్టు కనకమహాలక్ష్మి స్వెటరు తొడిగింది. గంగాధరరావు మఫ్లరు చుట్టాడు. చలికి అందరూ టీ అడిగేవారు. టీ కోసం పొయ్యి ఆరేది కాదు. పొయ్యి మండేకొద్దీ హాలు ఇంకా గడ్డకట్టేది. కరెంటు బిల్లు చూసి మూర్తిగారికి చెమట పట్టింది. ఆ హాల్లో చెమట పట్టింది ఆయనొక్కడికే.

మెకానిక్కు ఉమామహేశ్వర్‌ను పిలిపించారు. అతను తెర వెనక్కి తొంగిచూసి, నడుం పట్టుకుని నవ్వాడు.

"ఎవలు సార్ గిక్కడ వెట్టిచ్చింది? దీనికి వేడి తగిలితే మిషిన్‌ను ఉరికిస్తది, సల్లగ తగిలితే ఊకుంటది. మీరేమో పొయ్యి పక్కన కూసోవెట్టిన్రు. హాలంత మండుతున్నదనుకుంటది పాపం!"

"ఎవరు పెట్టించారో ఇప్పుడెందుకులే, తీసెయ్యవయ్యా" అన్నారు మూర్తిగారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఉమామహేశ్వర్ దాన్ని హాలు నడిమి గోడకు, ఎండా పొయ్యీ తగలనిచోట, మనిషి ఛాతీ ఎత్తున బిగించాడు. సాయంత్రానికి స్వెటర్లు దిగాయి. ఎవరికీ టీ గుర్తు రాలేదు.

"ఒరేయ్ బసవా, గీ గిలాసలు దీస్కపో!" అని కేకేశాడు గంగాధరరావు.

బసవరాజు గ్లాసులు తీశాడు.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చాడు. మంచినీళ్ల కుండలో తువ్వాలు ముంచి, పిండి, ఆ పెట్టె మీద ఆరేశాడు. ముందుగా ఎవరికి ఉక్కపోస్తుందో చూద్దామని తెర వెనక్కి పోయి కూర్చున్నాడు.