పై అంతస్తు తాళం

ఆ రోజు మా రాజనీతి శాస్త్ర విభాగంలో అంతర్జాతీయ మానవ హక్కుల మీద సెమినార్. పేపరు చదువుతున్నది నేను. ఒడంబడికల పేర్లు, అవి కుదిరిన సంవత్సరాలు తడుముకోకుండా చెబుతున్నాను. బయట వరండాలో బకెట్ పడిన చప్పుడైంది.

లేచి చూశాం. ఊడ్చే ఆవిడ గోడకానుకుని కూలబడింది. చీర తడిసింది. కాళ్ల దగ్గర మడుగు. అవి బకెట్ నీళ్లు కావని అందరికీ తెలిసిపోయింది.

ఆ పై అంతస్తు మరుగుదొడ్డి పొద్దున్నే కడిగేది ఊడ్చేవాళ్లే. కడగ్గానే సూపర్‌వైజర్ తాళం వేస్తాడు. విద్యార్థులడిగితే తాళంచెవి ఇస్తారు. ఊడ్చేవాళ్లకివ్వరు. అందుకే వాళ్లు సాయంత్రం దాకా నీళ్లు తాగరు.

"పెద్దవాళ్లు తిరిగేచోట ఇదేం పని? రేపట్నించి రావద్దు," అన్నాడు సూపర్‌వైజర్.

ఆమె మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచి ఇంతదాన్ని చేసింది. విభాగంలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. పిన్ని నావైపు ఒక్కసారి చూసి, నా పరువు పోతుందని తనే తల తిప్పుకుంది. నేను లోపలికెళ్లి మిగతా పేపరు చదివాను. చప్పట్లు కొట్టారు.

సాయంత్రం మెట్ల కింద, చీపుళ్లు పెట్టుకునే గదిలో, ఊడ్చేవాళ్లు పదిమందీ చేరారు. నేనూ వెళ్లాను. నేనెవరో వాళ్లకు తెలుసు.

"వచ్చిందమ్మా చదువుల తల్లి," అంది వాళ్లలో పెద్దావిడ. "ఏ దేశం ఏ దేశానికి ద్రోహం చేసిందో అన్నీ తెలుసంట. సొంత పిన్నినే గుర్తుపట్టలేదు."

తలెత్తలేకపోయాను. "పిన్నీ, పైవాళ్లకి అర్జీ రాస్తాను," అన్నాను.

"మూడు ఇచ్చాం. ఆ అర్జీలు చదివేవాడి దగ్గర తాళంచెవి ఉంది కదా, వాడికేం తొందర?" అంది పిన్ని. "రేపు ఆ తాళం పగలగొడతాను. వచ్చేవాళ్లు రండి."

"మా పనులు కూడా పోతే?" అందొకామె.

"రేపు వరండాలో కూలబడేది నువ్వైతే?"

మర్నాడు పదిమందీ వచ్చారు. పెద్దావిడ సుత్తి తెచ్చింది. నాలుగు దెబ్బలకు తాళం ఊడింది. ఒకరి తరవాత ఒకరు లోపలికెళ్లి వచ్చి, గుమ్మం ముందు కూర్చున్నారు. సూపర్‌వైజర్ పోలీసుల్ని పిలిచాడు.

"పగలగొట్టిందెవరు?" అన్నాడు ఎస్సై.

"రోజూ కడిగే చేతులే. పదిమందివీ రాసుకో," అంది పెద్దావిడ.

అందర్నీ వ్యాన్ ఎక్కించారు. నేనూ ఎక్కబోతే పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వొస్తే నీ సిగ్గు తీరుతుంది గానీ మా పని జరగదు. హాస్టల్‌కి పో. ప్రతి గదిలో మేం చేసింది చెప్పు. నువ్వు చేసిందీ చెప్పు."

మొదటి గదిలో వాళ్లు చేసిందే చెప్పి వచ్చేశాను. రెండో గదిలో నేను చేసిందీ చెప్పాను. "ఆమె మా పిన్ని. ఎవరో అన్నట్టు ఊరుకున్నాను."

ఒకమ్మాయి "ఛీ" అంది. అని, లేచి చెప్పులేసుకుంది.

ఏడో గది దాటేసరికి మెట్ల మీద చోటు చాలలేదు. స్టేషన్‌కి బయల్దేరాం. నన్ను ముందు నడవమన్నారు. మొహం చెల్లక చివర్న నడిచాను. పోలీసులు స్టేషన్ గేటు మూసేశారు. రోడ్డు మీదే కూర్చున్నాం. లైబ్రరీ ఊడ్చేవాళ్లు చీపుళ్లతోనే వచ్చి మా పక్కన కూర్చున్నారు. ఎస్సై బయటికొచ్చి మమ్మల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో మానేశాడు.