రెండో మనిషి

బక్కాయన పడ్డ పొద్దున పార్కు గేటు ఇంకా తెరవలేదు. ఆయన పడింది సెలవుల్లో మీరు పిల్లల్ని వేసుకుని వచ్చి ఎక్కే తాడు సవారీ మీంచే. ఈ కొండ నుంచి ఆ కొండకు ఇనుప తాడు, కింద లోయ. జనం ఎక్కేముందు రోజూ మాలో ఒకడు దాని మీద వెళ్లి చూడాలి. ఇదివరకు అరుగు మీద ఇద్దరం ఉండేవాళ్లం. ఒకరు నడుం బెల్టు కొక్కెం తాడుకు తగిలిస్తే, రెండో మనిషి గుంజి చూసి "సరే" అనేవాడు. ఆ మాట వినందే ఎవరినీ వదిలేవాళ్లం కాదు. రద్దీ పెరగగానే కాంట్రాక్టరు రెండో మనుషులందరినీ కింద కార్లు నిలిపే చోటికి తోలాడు. బక్కాయన తన కొక్కెం తనే తగిలించుకున్నాడు. అది సగమే పడింది.

రాళ్ల మీద నడుం విరిగి మూలుగుతున్న మనిషి దగ్గరికొచ్చిన మేనేజరు, తాడు బాగానే ఉందా అని అడిగాడు. తర్వాత మాకేసి తిరిగి, "తాగొచ్చాడు. ఎవరడిగినా అదే చెప్పండి" అన్నాడు. అలా తేలితే తప్పంతా బక్కాయనది, వైద్యం భారమంతా ఆయన పెళ్లాంది.

బెల్టులు ఆరేసే రేకుల షెడ్డులో కూడాం. ఆఫీసు గోల వినపడకుండా ఛాతీ మీది వాకీటాకీల సౌండు తగ్గించేశాం. రెండో మనిషిని మళ్లీ పెట్టమని అందరం కలిసి వెళ్లి అడుగుదామంది కొక్కేలు తగిలించే అక్క. సాయంత్రానికి అక్కను మరుగుదొడ్లు కడగడానికి మార్చారు. లేబరాఫీసుకు పోదామనుకున్నాం. తెల్లారేసరికి ఊళ్లోకి దిగే మా వ్యాను ఆపించేశారు.

"పాము మనలోనే ఉంది" అన్నాడు వచ్చినవాళ్ల చేత ఆట గోడ ఎక్కించే కుర్రాడు, మేం మిరపకాయ అని పిలిచేవాడు. "ఆఫీసులోకి పోయొచ్చేది ఎవరు? టీ పిన్ని. అమ్ముడుపోయింది."

మేమూ నమ్మాం. పిన్ని టీ తాగడం మానేశాం. లేనోడి అనుమానం పైకి పాకదు, పక్కకే పాకుతుంది.

మర్నాడు షెడ్డులో ఉండగా పిన్నే కెటిల్ పట్టుకుని వచ్చింది.

"ఏరా మిరపకాయా, నేను అమ్ముడుపోయానా?"

"నీకెవరు చెప్పారు?"

"చెప్పేదేంటి, విన్నా. మేనేజరు బల్ల మీది పెట్టెలోంచి నీ గొంతే. బిస్కెట్టు టీలో ముంచుకుంటూ విన్నాడు. 'నిన్నే అంటున్నారు' అని నాకు చెప్పి మరీ నవ్వాడు."

అక్క మిరపకాయ ఛాతీ మీదికి వంగి చూసింది. వాడు పట్టీ అందరికన్నా బిగించి కడతాడు. ఆ పట్టీ వాకీటాకీలో మాట్లాడే బొత్తాన్ని నొక్కేసి ఉంది. మిరపకాయ చెయ్యి పట్టీ మీదికి పోయింది.

"పట్టీ తియ్యకు" అంది అక్క. వాడి ఛాతీకేసే మాట్లాడింది. "మేనేజరుగారూ, వింటున్నారుగా. రేపు రెండో మనిషి లేకుండా ఒక్క సవారీ కదలదు."

మర్నాడు ఆదివారం. అరుగు నిండా జనం. ఒకాయన కూతురికి నేను కొక్కెం తగిలించి ఆగాను.

"ఇంకేంటయ్యా ఆలస్యం?"

"గుంజి చూసే మనిషి రావాలండి. మొన్న లేకే మావాడు పడ్డాడు."

"తాగి పడ్డాడన్నారే గేటు దగ్గర?"

అన్ని వాకీటాకీలూ గట్టిగా పెట్టి ఉన్నాయి. మొదట మిరపకాయ: "గోడ ఆగింది." వెనకే ఊగే వంతెన, పడవలు. ఆఖరికి మేనేజరు బల్ల మీది పెట్టెలోంచే మాట్లాడుతూ పిన్ని గొంతు:

"టీ కూడా ఆగింది. బక్కాయన ఆ పొద్దున తాగింది నా టీయే, ఇంకేమీ కాదు. నా చేత్తో..."

మాట తెగిపోయింది. ఆ తండ్రి నావంక చూశాడు. కూతుర్ని దింపుకున్నాడు.

సెక్యూరిటీవాళ్లు పిన్నిని జీపెక్కించడం పైనుంచి కనిపించింది. జీపు మలుపులన్నీ దిగి, కార్లు నిలిపే చోట ఆగింది. బయటికెళ్లే దారి అడ్డకర్ర లేవలేదు. హారను కొడుతూనే ఉన్నారు. కర్ర ఎత్తాల్సింది మా రెండో మనుషులు. వాళ్లను అక్కడ పెట్టింది కాంట్రాక్టరే.

మేం బెల్టులు విప్పకుండానే కొండ దిగడం మొదలుపెట్టాం.